రొద ఉంది

ఫిబ్రవరి 10, సోమవారం

పత్తి మిల్లు షిఫ్టు పుస్తకం ఇది. సగం రాసి ఉండగా మిల్లువాళ్ళు కంప్యూటరుకు మారారు, పుస్తకం నా దగ్గరే ఉండిపోయింది. ఆ తర్వాత మిల్లే మూతపడింది. ముందు సగం మిల్లుది, వెనక సగం ఇక నాది. ఇరవయ్యేడేళ్ళు ఇట్లాంటివే రాశాను. ఏ మిషన్, ఏమి లోపం, కారణం ఏమిటి, మేస్త్రీ ఎవరు. మేస్త్రీ ఎప్పుడూ ఆంజనేయులే, అంటే నేనే. మా ఆవిడ సుంకమ్మకు చదువు రాదు కాబట్టి దాచే పని లేదు. ముందు పేజీలు మాత్రం తిప్పను.

కర్నూలు పోయి చెవి పరీక్ష చేయించుకొని వచ్చాను. పోనని మొండికేస్తే సుంకమ్మ నాలుగు రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడింది, ఇక పోక తప్పలేదు. బీరువా అంత గదిలో కూర్చోబెట్టారు. గోడలకు, పైకప్పుకు, తలుపు లోపలివైపుకు కూడా నల్లటి స్పాంజి పలకలు. వాటి నిండా చిన్న చిన్న గోపురాల్లాంటి మొనలు. చెవులకు తొడుగు పెట్టి, చప్పుడు వినిపించినప్పుడల్లా బటన్ నొక్కమంది అక్కడి పాప. నేను నొక్కుతూనే ఉన్నాను, వేలు ఎత్తలేదు. కాసేపటికి ఆమె తలుపు తీసి, నేనింకా ఏమీ పెట్టలేదండీ అంది.

"యాడనో మోటారు నడుస్తాందమ్మా. ముందు అది ఆపండి" అన్నాను.

ఏ మోటారూ లేదంది. చిన్నపిల్ల, దానికేం తెలుసు? చప్పుడు విని బేరింగు ఎన్ని రోజుల్లో పోతుందో చెప్పేవాణ్ణి నేను. మోటారు ఉందంటే ఉన్నట్టే.

డాక్టరు ఏదేదో చెప్పాడు. కాగితం ఇచ్చాడు. మడిచి క్యాలెండరు వెనక పెట్టాను.

కానీ ఆ గది! బయట రోడ్డు మీద లారీలు పోతున్నాయి, ఒక్కటీ లోపలికి రాలేదు. నా మాట నాకే కురచగా వినిపించింది. అట్లాంటి గది ఇంట్లో ఒకటుంటే పక్కింటి సారమ్మ పిండి గిర్నీ నన్నేం పీకుతుంది?

ఫిబ్రవరి 11

లోపం: రొద. కారణం: సారమ్మ గిర్నీ. మేస్త్రీ: ఆంజనేయులు.

ఫిబ్రవరి 14, శుక్రవారం

సారమ్మ దగ్గరకు పోయి అడిగాను. పక్కిల్లే, ఇద్దరికీ నడుమ ఒకటే గోడ. మొగుడు పోయాక ఎనిమిదేళ్ళుగా పిండి గిర్నీ పెట్టుకొని బతుకుతోంది. మా సందులోనే కాదు, చుట్టుపక్కల నాలుగు సందుల జొన్నలూ అక్కడే పిండి అవుతాయి. గిర్నీ రాళ్ళు అరిగితే ఉలి పట్టుకొని తనే గాట్లు పెట్టుకుంటుంది. పనిమంతురాలు, కాదనను.

అన్నా, నీకు నిద్ర లేకుంటే నేనెట్లా చూస్తూ ఉంటాను అని, మధ్యాహ్నం రెండు గంటలు గిర్నీ ఆపడానికి ఒప్పుకుంది. ఈ రోజే ఆపింది కూడా. వచ్చి పడుకున్నాను. రొద ఉంది. లేచి పోయి ఆమె కిటికీలోంచి చూశాను. బెల్టు కదలడం లేదు, సారమ్మ గడప మీద కూర్చొని చెరుగుతోంది. బెల్టు ఆగితే మాత్రం? మోటారు చల్లారేదాకా లోపల ఝుమ్మంటూనే ఉంటుంది. మేస్త్రీని, నాకు తెలియదా?

అన్నం పెడుతూ సుంకమ్మ మా మిల్లు శేషన్న మాట ఎత్తింది. శేషన్నది వేరే సంగతి.

ఫిబ్రవరి 19, బుధవారం

సామ్సన్ ఇంటికి పోయాను. స్టేషను దగ్గర గది తీసుకొని చర్చి పాటలు రికార్డు చేసేవాడు. ఇప్పుడు అందరూ ఫోనులోనే పాడుకుంటున్నారని గది ఖాళీ చేశాడు. గోడలకున్న స్పాంజి పలకలన్నీ ఊడదీసి గోతాల్లో కట్టి మిద్దె మీద పెట్టాడు. అడుగు పొడవు, అడుగు వెడల్పు పలకలు, నూట నలభై ఉన్నాయి. కొన్ని నలుపు, కొన్ని కుంకుమ రంగు. వెనక పాత గమ్ము గట్టిపడి ఉంది.

ఎందుకని అడిగాడు. గిర్నీ చప్పుడు లోపలికి రాకుండా అన్నాను.

"ఇది దానికి కాదు మేస్త్రీ. బయట సౌండు బయటే ఆపల్లంటే గోడ మందం కావల్ల. ఇది లోపల గింగురుమనేదాన్ని మింగుతాది, అంతే" అన్నాడు సామ్సన్.

పాటలు పాడించుకునేవాడికి మిషన్ల సంగతి ఏం తెలుస్తుంది? కర్నూల్లో నా కళ్ళతో చూసి వచ్చాను. గోతాలు ఆటోలో వేయించుకొని వచ్చేశాను.

ఫిబ్రవరి 22, శనివారం

ఎవడి పని వాడికి తెలియాలి. నాకు తెలియలేదు.

నిన్నంతా లోపలి గది ఉత్తరం గోడ, అదే సారమ్మ వైపు గోడ, అతికించాను. నీలిమందులో ముంచిన దారం లాగి పట్టి చిటికేసి గీత కొట్టాను. గోడ నడుమ నుంచి మొదలుపెట్టి, ఒక పలక మొనలు నిలువుకు, పక్క పలకవి అడ్డానికి. బొటనవేలితో నొక్కితే అక్కడ గుంట పడుతుంది, అరచెయ్యి మొత్తం ఆనించి నొక్కాలి. సాయంత్రానికి గోడ చూస్తే నాకే ముచ్చటేసింది. మిల్లులో కూడా ఇంత నీటుగా ఏ పనీ చేయలేదేమో.

ఈ రోజు మధ్యాహ్నం ఎండకు ఒక్కొక్కటే రాలిపోయాయి. తీసి చూస్తే ప్రతి పలక వెనకా సున్నం పెచ్చు. గమ్ము బాగానే పట్టింది, గోడనే వదిలింది. మా నాయన కాలం నుంచి ప్రతి పండక్కీ సున్నం మీద సున్నం కొట్టిన గోడ ఇది. పలకలన్నీ ముప్ఫై ఏళ్ళ సున్నాన్ని వీపున మోసుకొని నేల మీద పడి ఉన్నాయి.

మొత్తం గీకాలి. మట్టి కనబడేదాకా గీకి, ప్రైమరు కొట్టి, ఆరాక మళ్ళీ మొదలు.

ఫిబ్రవరి 23, ఆదివారం

గిర్నీ మూత. సారమ్మ తెల్లచీర కట్టుకొని చర్చికి పోయింది, నేనే చూశాను.

రొద ఉంది.

వారమంతా తాగిన చప్పుడును గోడ ఒక్కరోజులో కక్కదు.

ఫిబ్రవరి 27, గురువారం

గీకి గీకి భుజం పడిపోయింది. ముక్కులో, నోట్లో సున్నం. సుంకమ్మ వాకిట్లో నిలబడి చూసి, ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది నీ యవ్వారం అని పోయింది. పడీపడని నిద్ర. అన్నం తింటుంటే నా నమలడం కూడా రొదలోనే కలిసిపోతోంది. ఇట్లా ఇంకెన్నాళ్ళు బతకాలి? నిజంగానే అడుగుతున్నాను. ఎవరిని అడుగుతున్నానో తెలియదు.

శేషన్న గురించి సుంకమ్మ మళ్ళీ ఎత్తింది కాబట్టి రాస్తున్నాను, ఒక్కసారి రాస్తే అయిపోతుంది. పత్తి నుంచి గింజ తీసే నాలుగో నంబరు జిన్నింగు మిషన్ మీద ఉండేవాడు. ఇంటికి పోయినా చెవుల్లో మిషన్ ఆగడం లేదు మేస్త్రీ, నన్ను గోడౌనుకు మార్చు అని వెంటపడేవాడు. మా మిల్లులో అందరూ చెవుల్లో దూది పెట్టుకునే పనిచేశాం. పత్తి మిల్లులో దూదికి కరువా? ఎవరికీ లేని రొద వాడికే ఎందుకు? నాటకాలు చేయొద్దన్నాను. రాయాల్సింది రాశాను. తర్వాత మిల్లువాళ్ళు పంపించేశారు.

శేషన్నది వేరే సంగతి. వాడికి తాగుడు ఉండేది.

మార్చి 1, శనివారం

మున్సిపల్ ఆఫీసుకు అర్జీ రాశాను. ఇళ్ళ మధ్యన అనుమతి లేకుండా పెద్ద మోటారు నడుపుతున్నారని, పిల్లల చదువులు, ముసలివాళ్ళ ఆరోగ్యాలు పాడవుతున్నాయని. నా చేతిరాత బాగుంటుంది. సందులో ఎనిమిది మంది సంతకాలు చేశారు. ఎందుకని ఒక్కరూ గట్టిగా అడగలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిది.

పదిమంది ఉంటే బాగుంటుందని చివర నా పేరు, సుంకమ్మ పేరు రాశాను. ఆమె పేరు పక్కన నా ఎడమ బొటనవేలు ఒత్తాను. ఇంటి ఆడమనిషి వేలిముద్ర ఇంటాయన వేస్తే తప్పేం లేదు.

ఇది కోపంతో చేసింది కాదు. నిద్ర కోసం.

మార్చి 6, గురువారం

నాలుగు గోడలూ అయ్యాయి. ఈసారి ఒక్క పలక కూడా రాలలేదు.

పైకప్పు దగ్గర వచ్చింది తంటా. మాది బండల మిద్దె. ఎండాకాలం పైన బండ పెనం మాదిరి కాలుతుంది, ఏ గమ్మూ నిలవదు. అందుకని కింద నేల మీద ప్లైవుడ్ పరిచి, దానికి స్పాంజి అతికించి, ఆరాక ఆ ప్లైవుడ్‌ను ఎత్తి దూలాలకు స్క్రూలు బిగించాలి. ఎత్తితే పట్టుకునే మనిషి కావాలి. సుంకమ్మ నెత్తిన చుట్టకుదురు పెట్టుకొని ఇనుప మంచం మీద నిలబడి తలతో మోసింది. ఒక్కొక్క షీటుకు ఆరు స్క్రూలు. డ్రిల్లు రెండుసార్లు జారింది. ఆమె మెడ నరాలు బిగుసుకున్నాయి, కదల్లేదు.

మూడో షీటు బిగిస్తుంటే, తల మీద అంత బరువుతో, "ఇది అయినాంక పండుకుంటావు గదప్పా?" అంది.

పడుకుంటాను అన్నాను. నాకు ఏడుపొచ్చింది. డ్రిల్లు ఆన్ చేశాను.

మార్చి 12, బుధవారం

పొద్దున్నే రైలుపట్టాల దాకా నడిచి పోయాను. గూడ్సుబండి వస్తోంది. దగ్గరకు వచ్చేకొద్దీ రొద తగ్గింది, ఎదురుగా పెట్టెలు పోతున్నంతసేపూ అసలు లేదు. నెలరోజుల్లో మొదటిసారి నా తల నాదిగా ఉంది. బండి పోయింది, రొద వచ్చింది. ఇంకో బండి కోసం నిలబడ్డాను. ఇంకొంచెం దగ్గరగా నిలబడ్డాను.

వెనక నుంచి సుంకమ్మ చొక్కా పట్టుకొని లాగింది. చెప్పుల్లేకుండా వచ్చింది. నువ్వు అనుకున్నది కాదే, చప్పుడు కోసం వచ్చానే అంటే నమ్మలేదు. ఇంటిదాకా చొక్కా వదల్లేదు. సందులో అందరూ చూశారు.

నేను అందుకోసం పోలేదు. రాసిపెడుతున్నాను. అందుకోసం పోలేదు.

మార్చి 18, మంగళవారం

ఆఫీసువాళ్ళు వచ్చారు. కాగితాలు చూపమన్నారు, సారమ్మ దగ్గర పాతవి ఉన్నాయి, అవి చాలవన్నారు. కరెంటు తీసేసి గిర్నీ గదికి తాళం వేసి పోయారు. సారమ్మ మా ఇంటివైపు చూసింది. నేను తలుపు చాటునే ఉన్నాను.

ఆగింది. ఇక రొదా ఆగుతుంది.

మార్చి 19

రొద ఉంది.

మార్చి 20

రొద ఉంది. గోడల్లో మిగిలిందే. రెండు రోజులు పడుతుంది.

మార్చి 21

ఎక్కువైంది.

మార్చి 24, సోమవారం

గది పూర్తయింది. తలుపు సందులకు రబ్బరు కొట్టాను, కిటికీకి రెండు పొరలు వేశాను. మధ్యాహ్నం పన్నెండుకు లోపలికి పోయి తలుపు వేసుకున్నాను.

గిర్నీ లేదు. సందు లేదు. నేను దగ్గితే ఆ దగ్గు నోటి దగ్గరే పడిపోయింది. పనితనంలో వంక లేదు, అదే కర్నూలు గది. మంచం మీద పడుకొని కళ్ళు మూసుకున్నాను.

మిల్లు మొదలైంది. ఇరవై నాలుగు మిషన్లూ ఒకేసారి. ఏ మిషన్ ఎక్కడ ఉందో చెప్పగలను. నాలుగో నంబరు నా ఎడమ చెవి పక్కన. అరిచాను, నా అరుపును స్పాంజి మింగేసింది, మిల్లును మింగలేదు. తల గోడకేసి కొట్టుకున్నాను. గోడ మెత్తగా ఉంది. కొట్టుకోవడానికి గట్టి గోడ కూడా లేకుండా చేసుకున్నాను.

ఎంతసేపటికి బయటికి వచ్చానో తెలియదు. సుంకమ్మ వాకిట్లో గుడ్డసంచి సర్దుకొని నిలబడి ఉంది. సారమ్మకు ఆఫీసులో అర్జీ చూపించారట. అందులో సుంకమ్మ పేరు పక్కన వేలిముద్ర ఉందట.

"నేను వేలిముద్ర మానుకొని పదేండ్లాయప్పా. డ్వాక్రా గుంపులో సంతకం నేర్చినాను. పలక పట్టుకోని నేర్పించింది సారమ్మే. అది సూసినప్పుడే దానికి తెలిసిందంట, నాది కాదని" అంది సుంకమ్మ.

నాకు తెలియదు. పదేళ్ళుగా మా ఆవిడ సంతకం చేస్తుందని నాకు తెలియదు.

కైరుప్పలకు, వాళ్ళ అన్న ఇంటికి పోయింది. పోతూ పోతూ ఎదురింటామెకు నన్ను కనిపెట్టమని చెప్పి మరీ పోయింది.

మార్చి 27

క్యాలెండరు వెనక కాగితం తీశాను. మళ్ళీ పెట్టాను.

మార్చి 30, ఆదివారం. ఉగాది

పచ్చడి లేదు. టీ, బన్ను.

స్పాంజి గదిలోకి పోవడం లేదు. ఫ్యాన్ కింద పడుకుంటున్నాను, ఫ్యాన్ కొంచెం నయం. ఫ్యాన్ కూడా చప్పుడే కదా, అది ఎందుకు నయం? ఎండకు తల పనిచేయడం లేదు.

ఏప్రిల్ 2, బుధవారం

సుంకమ్మ వచ్చింది. కైరుప్పల్లో ఉగాది మరునాడు పిడకలతో కొట్టుకునే పండగ చూసుకొని వచ్చింది. ఒంటి నిండా పిడక దుమ్ము ఉన్నవాళ్ళు కూడా పొద్దు గూకేసరికి ఒకే బంతిలో కూర్చొని తింటారని, వాళ్ళ ఊరి గొప్ప ఏటా చెబుతుంది. ఈ ఏడు చెప్పలేదు. సంచి దించి, నా ముఖం చూసి, పొయ్యి ముట్టించింది.

ఇంట్లో పిండి లేదు. సందులో గిర్నీ లేదు. బజారుకు పోయి ఆడించుకొని రమ్మని నాకు చెప్పొచ్చు, చెప్పలేదు. అటక మీద నుంచి వాళ్ళమ్మ ఇచ్చిన ఇసుర్రాయి దింపుకొని వసారాలో కూర్చొని జొన్నలు విసరడం మొదలుపెట్టింది. యాభై రెండేళ్ళ మనిషి. ఒక కాలు చాపుకొని, ఒక చేత్తో గింజలు పోస్తూ, ఒక చేత్తో తిప్పుతూ.

గుడ్లప్పగించి చూస్తూ గోడకు ఆనుకున్నాను. లేచేసరికి పొద్దు వాలింది. నా మీద దుప్పటి ఉంది. నాలుగు గంటలు నిద్రపోయానట. నేను కదిలినప్పుడల్లా ఆపకుండా తిప్పిందట, పిండి చాటనిండా అయినా తిప్పిందట. రెండు అరచేతులూ బొబ్బలు.

ఎందుకు నిద్ర పట్టింది?

ఏప్రిల్ 5, శనివారం

ఎమ్మిగనూరు పోయి వచ్చాను. శేషన్న అక్కడ ఉన్నాడని సుంకమ్మే చెప్పింది. ఇన్నాళ్ళూ ఆమెకు తెలుసు.

మగ్గాల సందులో చిన్న గది. అటు మగ్గం, ఇటు మగ్గం, వెనక ఇంకో రెండు. టకటక టకటక, ఊపిరాడని చప్పుడు. చేనేత వాళ్ళకు నూలు కండెలు చుట్టిపెడుతూ బతుకుతున్నాడు. నన్ను గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు. తొమ్మిదేళ్ళయినా మేస్త్రీని చూస్తే లేచి నిలబడ్డాడు.

మాటలు వినబడవని మిల్లు సైగలు చేశాను. మిల్లులో మేమంతా చేతులతోనే మాట్లాడుకునేవాళ్ళం. చెవి చూపించి, పిడికిలి తిప్పాను. పిడికిలి తిప్పితే మిషన్ నడుస్తోందని. శేషన్న నా చేతిని చాలాసేపు చూశాడు. నవ్వుతాడనుకున్నాను, నవ్వాలి కూడా. తన పక్కన చాప మీద చోటు చూపించాడు.

"నీగ్గూడ వచ్చిందా మేస్త్రీ" అన్నాడు చెవి దగ్గర నోరు పెట్టి. "నిశ్శబ్దంలో ఉండాకు. అది సంపుతాది. ఊర్లో ఇల్లు ఇడిసిపెట్టి ఈ మగ్గాల నడుమ పడిండేది ఎందుకనుకున్నావు? ఈ టకటక ఉంటేనే నాకు కూడు దిగుతాది, నిద్ర వస్తాది."

గూడ్సుబండి. ఫ్యాన్. ఇసుర్రాయి. గిర్నీ.

గిర్నీ నడిచినన్నాళ్ళూ పొద్దున పూట కాస్త కునుకు పట్టేది. అది ఆగాకే నాకు పిచ్చెక్కింది. నా మీద కప్పిన దుప్పటిని నేనే అర్జీ పెట్టి లాగించుకున్నాను.

తాగుతావా అని అడిగాను, ఏదో ఒకటి అడగాలని. జన్మలో ముట్టలేదన్నాడు. ఆ సంగతి నాకు తెలుసు. మిల్లులో అందరికీ తెలుసు.

శేషన్నది వేరే సంగతి కాదు.

ఏప్రిల్ 7, సోమవారం

అర్జీ వెనక్కి తీసుకుంటున్నానని కాగితం రాసుకొని సారమ్మ ఇంటికి పోయాను. చేతులు కాలాక ఆకులు.

తాళం తీసి ఉంది. గది ఖాళీగా ఉంది. గిర్నీ ఉన్నచోట నేల మీద చదరంగా నల్లటి మరక, చుట్టూ పిండి తెలుపు. ఆఫీసువాళ్ళతో తాళం తీయించుకొని, మోటారు, రాళ్ళు మొన్ననే కౌతాళం మనిషికి అమ్మేసిందట. బెల్టు ఒక్కటి మేకుకు వేలాడుతోంది. సారమ్మ అరుగు మీద కూర్చొని జుట్టు దువ్వుకుంటోంది. దువ్వెన నిండా తెల్లటి పత్తినూగు. ఆ నూగు నాకు తెలుసు. ఇరవయ్యేడేళ్ళు నా తలలో ఉన్న నూగు.

బైపాసు దగ్గర మిల్లులో కూలికి చేరిందట, పదిరోజులైంది. జిన్నింగు మిషన్లకు పత్తి అందించే పని.

నేను మొత్తం చెప్పాను. చెవి సంగతి, కర్నూలు కాగితం సంగతి. ఆమె దువ్వుకుంటూనే వింది.

"నువ్వు వచ్చి అడిగితే ఆపితిని గదన్నా" అంది. "ఇంగోసారి అడిగింటే ఇంగోసారి ఆపుతాంటి. అర్జీకి నేను ఏడ్వలేదు. అక్క పేరు పెట్టినావు సూడు, ఆ పొద్దు ఏడ్చినాను."

లేచి వస్తుంటే పిలిచింది.

"అన్నా, నువ్వు మేస్త్రీవి, నీకు తెలుసుంటాది. మిల్లు నుంచి ఇంటికి వచ్చినా చెవుల్లో జుయ్యిమంటానే ఉండాది. కొత్తలో అంతే, పోతాది అంటాన్నారు. పోతాది గదా?"

చెవిలో దూది పెట్టుకొని ఉంది.

ఏప్రిల్ 8

ఆమెకు జవాబు చెప్పకుండా వచ్చేశాను.

ఏప్రిల్ 10, గురువారం

స్పాంజి ఊడదీశాను. ఈసారి ఒక్కటీ సులువుగా రాలేదు, చీలికలు చీలికలుగా వచ్చింది. పైకప్పు షీట్లు దించుతుంటే సుంకమ్మ అడక్కుండానే మంచం ఎక్కి తల ఆనించింది. గోడలు గజ్జిపట్టినట్టున్నాయి. ఉండనీ.

మెడికల్ షాపులో అడిగితే చెవుల్లో పెట్టుకునే మెత్తటి బిరడాలు ఉన్నాయి. వేళ్ళతో నలిపి సన్నగా చేసి పెడితే లోపల ఉబ్బి చెవి మూసుకుంటుంది. ఇంత చిన్న వస్తువు. మా మిల్లులో ఒక్కరికీ ఇవ్వలేదు. నేను ఒక్కసారి కూడా అడగలేదు.

ఏప్రిల్ 12, శనివారం

పొద్దున షిఫ్టుకు ముందు బైపాసు మిల్లు గేటు దగ్గర నిలబడ్డాను. సారమ్మ వచ్చింది. బిరడాలు చేతిలో పెట్టి, ఎట్లా పెట్టుకోవాలో చూపించాను. దూది ఉత్త మోసమని, అది చప్పుడును ఆపదని, ఆపుతోందని మనల్ని నమ్మిస్తుందని చెప్పాను. ఆమె అడిగినదానికి కూడా జవాబు చెప్పాను. ఇప్పుడే మిషన్ల దగ్గర నుంచి పక్కకు తప్పుకుంటే పోవచ్చు. అక్కడే ఉంటే పోదమ్మా, నాకు పోలేదు, శేషన్నకు పోలేదు అన్నాను. తప్పుకుంటే కూడు ఎవరు పెడతారన్నా అంది. కోపంగా అనలేదు.

లోపలికి పోయి మేస్త్రీని అడిగాను, ఆమెను యార్డులో పత్తి ఏరే పనికి మార్చమని. మేస్త్రీ ఎవరో కాదు, నాగేష్. నా కిందే పని నేర్చుకున్నవాడు. కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు. సంగతి విని నవ్వాడు.

"అన్నీ నాటకాలు మేస్త్రీ. ఒకరికి మారిస్తే రేపు అందరూ చెవులు పట్టుకోని వస్తారు. ఈ మాట మాకు నేర్పించింది నువ్వే గదా" అన్నాడు.

టీ తాగలేదు. మళ్ళీ అడిగాను. కుదరదన్నాడు. సోమవారం మళ్ళీ వస్తానన్నాను. వచ్చినా అంతే అన్నాడు. మంగళవారం కూడా వస్తానన్నాను. మిషన్లు మొదలయ్యాయి, ఇక మాటలు వినబడలేదు. గాజు తలుపు వెనక, ఆరో మిషన్ దగ్గర సారమ్మ నిలబడి ఉంది. నన్ను చూసి చెవి ముట్టుకుంది, పెట్టుకున్నానని.

ఇంటికి వచ్చి ఈ పుస్తకం ముందు పేజీలు తిప్పాను. వెతకనక్కర్లేదు, ఎక్కడుందో నాకు తెలుసు. "నాలుగో నం. మిషన్. శేషన్న. లోపం: పనిలో అలసత్వం. కారణం: పనిదొంగ. మేస్త్రీ: ఆంజనేయులు." నా చేతిరాత ముత్యాల్లా ఉంది. కొట్టేశాను. పైన రాశాను: లోపం: చెవిలో రొద. కారణం: మిషన్.

సుంకమ్మ వసారాలో ఇసుర్రాయి తిప్పుతోంది. చేతులకు గుడ్డ చుట్టుకుంది. కాసేపు ఆమె చేతిలోంచి పిడి తీసుకొని నేనే తిప్పుతాను. దానికి ముందు ఈ ఒక్క వరుస రాయాలి.

ఆరో నం. మిషన్. సారమ్మ. లోపం: చెవిలో రొద. కారణం: మేస్త్రీ ఆంజనేయులు.